ఒక సిక్సర్ బాకీ

మేడ మీది అద్దె గది,
ఆదివారం, ఉతికిన బట్టలు ఆరని పూట

మహారాజశ్రీ మామయ్యగారి దివ్యసముఖానికి,

ముందుగా క్షమాపణలు. ఒకటీ అరా కాదు, టోకున. పోయిన వారం మీ ఇంటికి వచ్చినందుకు క్షమాపణ. వచ్చినవాణ్ణి తిని పడుకోకుండా, తమరు అటక మీది సూట్‌కేసుని ఎడమ చేత్తో దింపడానికి పడుతున్న పాట్లు చూసినందుకు క్షమాపణ. "కుడి చెయ్యేమైంది మామయ్యా?" అని అత్తయ్యకి వినబడేలా అడిగినందుకు సాష్టాంగపడి క్షమాపణ. ఆ ఒక్క ప్రశ్నతో ఇంట్లో లేచిన దుమారానికి, తమరు డాక్టరు దగ్గరికి నడిపించబడినందుకు, బల్ల సొరుగులోకి ఫైలు తోసినట్టు స్కాన్ యంత్రంలోకి తోయబడినందుకు, లోపల ఏవో తెగి ఉన్నాయని తేలినందుకు, అన్నిటికీ బాధ్యుణ్ణి నేనేనని తమరు సెలవిచ్చారట. నేను అడక్కపోతే అవి తెగేవే కావట. వైద్యశాస్త్రం ఇంకా అంత దూరం రాలేదు గానీ, పెద్దవారు కనుక ఒప్పుకుంటున్నాను.

చివరి క్షమాపణ ఈ ఉత్తరానికి. మీ ఇంట్లో ఫోను ఎవరెత్తినా స్పీకర్లోనే మాట్లాడుతుంది, పక్కన అత్తయ్య వ్యాఖ్యానం ఉచితం. అందుకే క్లబ్బు చిరునామాకి రాస్తున్నాను. తమరు అంపైరుగా నిలబడ్డ చోట గడ్డి కూడా అనుమతి లేకుండా మొలవదనీ, తమరి తీర్పు మీద ఇన్నేళ్ళలో ఎవడూ నోరెత్తలేదనీ లీగంతా చెప్పుకుంటుంది. అలాంటివారు తమ భుజం విషయంలో తీర్పు ఎప్పుడిస్తారు? ఆపరేషన్ చేయించుకుంటారా, లేదా?

తమరి నిత్య దోషి,
మేనల్లుడు

*

క్లబ్బు గది, రోలరు పక్కన బెంచీ

ఒరేయ్ అల్లుడూ,

నీ క్షమాపణ అందింది. పరిశీలించాను. తిరస్కరించాను.

ఫ్యాన్ల కంపెనీలో కూర్చుని "తిరిగే రెక్కల్లో వేలు పెట్టరాదు" అని సూచనల పుస్తకాలు రాసి జీతం తీసుకునేవాడివి, వచ్చి వచ్చి నా భుజంలో వేలు పెట్టావు. మీ కంపెనీకి రాసి నీ ఉద్యోగం ఊడగొట్టాలి అసలు.

డాక్టరు కుర్రాడు. మీసాలు ఇంకా నిర్ణయం తీసుకోలేదు. గోడ మీది బొమ్మ చూపిస్తూ చెప్పాడు: భుజం కీలుని పట్టి ఉంచే కండరాల కొసలు తాళ్ళలా ఉంటాయట, వాటిల్లో రెండు తెగాయట. నేనేం గోడలు దూకలేదు, అరిగి అరిగి తెగాయట. కుట్టొచ్చు. కుడితే ఆరు వారాలు చెయ్యి జోలెలో వేసుకుని తిరగాలి, తర్వాత నెలల తరబడి కసరత్తు, అంతా చేస్తే "చాలావరకు" బాగవుతుంది. కుట్టకపోతే కసరత్తుతో నొప్పి తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. చిరుగు పెరగొచ్చు, పెరగకపోవచ్చు.

"మరి ఏం చెయ్యమంటావు బాబూ?" అన్నాను.

"అది మీ ఇష్టం సార్" అన్నాడు.

పాతికేళ్ళవాడైతే చేసేద్దామంటాడట. ఎనభై ఏళ్ళవాడైతే వద్దులెండి అంటాడట. అరవై ఆరుకి మాత్రం ఏమీ అనడట! బంతి బ్యాటుకి తగిలిందా అని అడిగితే "మీ ఇష్టం బాబూ" అన్నానా నేనెప్పుడైనా?

అయినా నాకే ఇబ్బందీ లేదు. ఔటివ్వడానికి ఒక్క వేలు చాలు, ఎడమ చేతికీ ఐదున్నాయి. చొక్కా తొడగడానికి మీ అత్తయ్య ఉంది. విషయం ముగిసింది.

మామయ్య

*

కంపెనీ మెట్ల మీద, టీ విరామంలో

శ్రీ మామయ్యగారికి,

విషయం ముగిసిందన్న శుభవార్త చదివి ఆనందబాష్పాలు తుడుచుకుంటూ ఉండగా స్కోరరు బాబాయ్ ఫోను చేశాడు. రహస్యం కడుపులో ఉంటే అజీర్తి చేసే మనిషి కదా, పాపం.

ఆయన చెప్పింది ఇదీ: ఈ సీజన్లో తమరు నిలబడ్డ మ్యాచ్‌ల్లో స్కోరు పుస్తకంలో ఒక్క సిక్సర్ కూడా లేదట. ఫోర్లు మాత్రం కుప్పలు తెప్పలట. పక్క గ్రౌండులో సిక్సర్లు మామూలుగానే పడుతున్నాయట. అంటే మన గ్రౌండు మీద గాలి బరువెక్కి ఉండాలి, లేదా ఎవరో రాత్రికి రాత్రి బౌండరీ తాడుని వెనక్కి జరుపుతూ ఉండాలి.

నా చిన్నప్పుడు తమరే నేర్పిన క్రికెట్ ప్రకారం, సిక్సర్‌కి అంపైరు రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తాలి. ఫోర్‌కి ఒక చెయ్యి ఛాతీ ముందు అటూ ఇటూ ఊపితే చాలు. ఇది కేవలం నా జ్ఞానప్రదర్శన. తమరికీ దీనికీ సంబంధం ఉందని నేను అనలేదు, అనను, అనబోను.

విధేయుడు,
మేనల్లుడు

*

క్లబ్బు గది

నోర్ముయ్.

మామయ్య

*

అదే బెంచీ, మర్నాడు

అల్లుడూ,

నిన్నటి ఉత్తరం పోస్టు చేశాక రాత్రంతా దొర్లాను. కుడివైపు దొర్లితే నొప్పి, ఎడమవైపు దొర్లితే నువ్వు.

చెప్తాను. చదివి చింపెయ్.

రొట్టెల బట్టీ జట్టుకీ ఫైర్ స్టేషన్ జట్టుకీ మ్యాచ్. ఆఖరి బంతి. గెలవాలంటే బట్టీ వాళ్ళకి ఆరు కావాలి. క్రీజులో ఉన్నవాడు బట్టీలో పిండి పిసికే కుర్రాడు, బన్ను అంటారు వాణ్ణి. పదకొండో నంబరు. బ్యాటుని పార పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. కళ్ళు మూసుకుని ఊపాడు. తగిలింది. బంతి తాడు దాటి వెళ్ళి రోలరు షెడ్డు రేకుల మీద పడింది. ఆ చప్పుడు ఈ బెంచీ మీద కూర్చుంటే నాకు ఇప్పటికీ వినబడుతుంది.

చేతులు లేపాను. ఎడమది వెళ్ళింది. కుడిది ఛాతీ దగ్గర ఆగిపోయి, లోపల ఎవడో మేకు దిగ్గొట్టినట్టయింది. కళ్ళు బైర్లు కమ్మాయి. పడిపోకుండా ఎడమ చెయ్యి కిందికి దించి ఊపాను. ఫోర్. బాబాయ్ రాసేశాడు. ఒక్క పరుగు తేడాతో ఓడిపోయారు.

నోటితో చెప్పొచ్చుగా అంటావు. చెప్పొచ్చు. కళ్ళు తేటపడేసరికి వాళ్ళు వరుసగా వచ్చి చెయ్యి కలుపుతున్నారు. ఒక్కడూ గొడవ చెయ్యలేదురా! రేకుల మోత చెవులారా విన్నవాళ్ళు, "సార్ ఫోరన్నారంటే ముందు నేలకి తగిలి లేచుంటుందిలే" అనుకుంటూ కిట్లు సర్దుకున్నారు. ఎవడైనా కాలరు పట్టుకుని ఉంటే నిజం చెప్పేసేవాణ్ణి. నమ్మేశారు.

అంతకుముందు ఎగ్గొట్టిన సిక్సర్లు గెలుపోటములు మార్చలేదని నన్ను నేను సముదాయించుకున్నాను. దీన్ని మాత్రం సముదాయించలేకపోతున్నాను.

ఆపరేషన్ చేయించుకుంటే ఈ సీజనూ పోతుంది, బహుశా వచ్చేదీ పోతుంది. చెయ్యి లేవకపోతే అన్నీ పోతాయి. చేయించుకోకపోతే ఇవాళే కోటు విప్పెయ్యాలి. ఇంత తెలిసీ కోటు విప్పట్లేదు, చూశావూ? అదీ మీ నిజాయితీ మామయ్య.

*

గది, కిటికీ దగ్గర

మామయ్యా,

ఈసారి "తమరు" లేదు. రాయబోతే చెయ్యి రాలేదు. ఈ ఇంట్లో చేతులు రాని రోగం వంశపారంపర్యం లాగుంది.

మా సూచనల పుస్తకాల్లో చివర ఒక పేజీ ఉంటుంది. ఫ్యాను తిరగకపోతే ఏం చెయ్యాలి అని. మోటారు విప్పమని మొదటే చెప్పం. ముందు ప్లగ్గు పెట్టారో లేదో చూడండి అంటాం. నవ్వకు, సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. నీ ప్లగ్గు ఆ రొట్టెల బట్టీలో ఊడి ఉంది. వెళ్ళి చెప్పు. భుజం సంగతి ఆ తర్వాత.

అలాగే ఇంకో డాక్టరుకి చూపించు. థర్డ్ అంపైరు అంటే నీకు ఒళ్ళుమంట అని తెలుసు. మైదానంలో మండు, ఆస్పత్రిలో మండకు.

నీ ఉత్తరం చింపలేదు. చింపితే నువ్వు మళ్ళీ "అన్నానా నేనెప్పుడైనా?" అంటావు.

అల్లుడు

*

క్లబ్బు గది, వాన పడి మ్యాచ్ ఆగిన మధ్యాహ్నం

అల్లుడూ,

నువ్వు "తమరు" అంటున్నంతసేపూ నాకు భయం లేదు. "నువ్వు" అనేసరికి భయం వేసి నువ్వు చెప్పిందల్లా చేశాను. ఇకముందు "తమరు" అనే ఏడు.

రెండో డాక్టరు పెద్దావిడ. నా చెయ్యి అటూ ఇటూ తిప్పి, "ఈ చేత్తో మీకు ఏం చెయ్యాలని ఉంది?" అని అడిగింది. అంతవరకూ ఎవరూ అడగలేదురా. "సిక్సర్ ఇవ్వాలి" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "కుట్టకుండా ఆ చెయ్యి అంత పైకి వెళ్ళే అవకాశం తక్కువ. కుడితే ఎక్కువ. రెండింటికీ హామీ లేదు" అంది. ఆ మాత్రం చెప్పడానికి మొదటివాడికి ఏం రోగం?

బట్టీకి కూడా వెళ్ళాను. బట్టీ ఓనరే వాళ్ళ కెప్టెను. విని పెద్దగా నవ్వేసి, "పోన్లెండి సార్, ఆ పుస్తకం మూసేశాం. మీరు అన్నాక అది ఫోరే" అన్నాడు. బన్ను నవ్వలేదు. మోచేతుల దాకా పిండి. పని ఆపకుండానే అన్నాడు:

"ఆ రోజు మా నాన్న వచ్చాడు సార్. నా మ్యాచ్‌కి రావడం అదే మొదలు. ఇంటికెళ్ళాక 'ఆ ఒక్కటీ సిక్సర్ కొట్టుంటే గెలిచేవాడివిరా' అన్నాడు. కొట్టాను నాన్నా అనలేకపోయాను. మీరు ఫోరన్నారు కదా."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావయ్యా?"

"ఒక సిక్సర్ బాకీ ఉన్నారు సార్. మళ్ళీ కొడతానో లేదో నాకే తెలీదు. కొడితే మాత్రం అక్కడ మీరే ఉండాలి."

తిరిగొచ్చి మీ అత్తయ్యకి మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. "చెయ్యి మీది, నిర్ణయం మీది. చొక్కా గుండీలు మాత్రం ఎన్నాళ్ళైనా నేనే పెడతాను" అని లోపలికి వెళ్ళిపోయింది. తిడితేనే బావుండేది.

డాక్టరమ్మ తేదీ ఇచ్చింది. వారంలో చెప్పాలి. నాకు కత్తి భయం కాదురా. జీవితమంతా రెప్ప వెయ్యకుండా చూడ్డమే నా పని. అలాంటిది కళ్ళు మూసుకుని బల్ల మీద పడుకుని, మన సంగతి ఇంకొకరు తేలుస్తారంటే... ఆ మత్తు సూది తలచుకుంటేనే ఇటు రాసిన మనసు అటు చెరిపేస్తోంది.

అంచేత మాకు తెలిసిన పద్ధతిలోకి వస్తున్నాను. టాస్. ఎవరు ముందు ఆడాలో తేలకపోతే గొడవ పడం కదా. నేను వేస్తే ఎటు పడ్డా ఇంకోసారి వేస్తాను, నా సంగతి నాకు తెలుసు. నువ్వు వెయ్యి. బొమ్మ పడితే ఆపరేషన్. బొరుసు పడితే కోటు మడిచి బీరువాలో పెట్టేసి బన్నుకి దణ్ణం పెట్టి వస్తాను. దీని మీద అప్పీలు లేదు. ఒక్కటే నియమం, నీకు తెలిసిందే: కళ్ళతో చూసింది చెప్పు. చూడనిది ఇవ్వకు.

మామయ్య

*

గది, తలుపు గడియ పెట్టి

శ్రీశ్రీశ్రీ మామయ్యగారికి,

ఆజ్ఞ ప్రకారం తమరు.

తమరి ఆదేశానుసారం ఈ సాయంత్రం టాస్ కార్యక్రమం ఘనంగా జరిగింది. అధ్యక్షత నేనే వహించాను. ముఖ్య అతిథిగా కిటికీలో పిల్లి విచ్చేసింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. నాణేన్ని రెండువైపులా పరీక్షించి, బొమ్మ బొమ్మగానూ బొరుసు బొరుసుగానూ ఉన్నాయని ధ్రువీకరించాను. బొటనవేలితో ఎగరేశాను. ఫ్యానుకి తగలకుండా జాగ్రత్తపడ్డాను. ఆ జాగ్రత్త మా పుస్తకంలో పదకొండో పేజీలో ఉంది, రాసింది నేనే.

ఫలితం: బొమ్మ.

తేదీ ఖాయం చేసుకోగలరు. సెలవు పెట్టుకుని వస్తున్నాను.

మేనల్లుడు

*

ఇల్లు, ముందు గది, పడక్కుర్చీ

అల్లుడూ,

చెప్తున్నది నేను, రాస్తున్నది మీ అత్తయ్య. కాబట్టి అబద్ధాలుంటే ఆవిడవే. (ఇదే మొదటిది. అత్తయ్య.)

నువ్వు ఊరెళ్ళినప్పటినుంచీ నేను ధైర్యంగా ఉన్నాను. (మంచినీళ్ళ గ్లాసు కోసం కూడా కేకలు.) పడుకుంటే నొప్పని పడక్కుర్చీలోనే నిద్ర. చెయ్యి జోలెలో ఉంది, చంటిపిల్లని మోస్తున్నట్టు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ తలో భుజం కథ చెప్పి పోతున్నారు. ఈ ఊళ్ళో ఇన్ని భుజాలున్నాయని నాకు తెలీదు. (వాళ్ళందరికీ టీ పెట్టింది ఎవరో రాయమనడం లేదు.)

మత్తు సూది ఇచ్చేముందు డాక్టరమ్మ "సిద్ధమేనా?" అంది. "టాస్ గెలిచే వచ్చాను" అన్నాను. తర్వాత ఏమీ గుర్తులేదు. లేచేసరికి అయిపోయింది. ఒక బంతి కూడా చూడకుండా మ్యాచ్ అయిపోవడం నా జీవితంలో ఇదే మొదలు. (లేవగానే అడిగిన మాట ఆయన చెప్పరు, నేను రాస్తాను. "ఔటా?" అన్నారు. "నాటౌట్, పడుకోండి" అన్నాను.)

కట్టు విప్పాక కసరత్తు నేర్పే అమ్మాయి వస్తుంది. ఆ అమ్మాయికి జాలి లేదని వాకబు చేశాను. (ఆ అమ్మాయిని ఏరి కోరి కుదిర్చింది నేనే.)

మామయ్య
(అత్తయ్య)

*

క్లబ్బు గది, మన బెంచీ
కొత్త సీజను

ఒరేయ్ అల్లుడూ,

చూశావుగా, నా చేతిరాత. కుడిచేత్తో రాస్తున్నాను. మునుపటికంటే అధ్వాన్నంగా ఉందంటే నీ కళ్ళే బాగాలేవు.

ఈ నెలలన్నీ గోడ మీద వేళ్ళతో పాకడంతోనే సరిపోయింది. బల్లిలాగ. ఆ అమ్మాయి గోడ మీద పెన్సిలు గీత పెట్టేది, నేను అందుకునేసరికి చెరిపేసి ఇంకో జానెడు పైన పెట్టేది. మధ్యలో రెండుసార్లు మానేస్తానన్నాను. ఒకసారి ఏడ్చాను కూడా, మీ అత్తయ్య ఉల్లిపాయలు తరుగుతున్న పక్కనే నిలబడి. ప్రతిసారీ నన్ను నేను ఒకే మాటతో నిలబెట్టుకున్నాను: బొమ్మ పడింది. ఇక గొడవ లేదు.

నిన్న మొదటి మ్యాచ్. బట్టీ జట్టే. బన్ను వచ్చేసరికి మ్యాచ్ ఎప్పుడో చేజారిపోయింది, గెలిచే ప్రశ్నే లేదు. వాళ్ళ నాన్న ఈసారీ వచ్చాడు, చెట్టు కింద సైకిలుకి ఆనుకుని నిలబడ్డాడు. మొదటి బంతి బన్ను వదిలేశాడు. రెండోది తగల్లేదు. మూడోదానికి మళ్ళీ అదే, కళ్ళు మూసుకుని ఊపాడు.

ఈసారి రేకుల దాకా పోలేదురా. తాడుకి మూరెడు అవతల పడింది. నేను చూశాను. నేలకి తగల్లేదు. కళ్ళతో చూశాను.

ఎత్తాను. ఎడమది నిటారుగా వెళ్ళింది. కుడిది కాస్త వంగి, చెవి దాటి, నెత్తి దాటి, అక్కడ ఆగింది. రెండూ సమానంగా లేవు. చూసినవాడెవడైనా ఈయన ఆకాశంలో ఏదో గుడ్డ ఆరేస్తున్నాడు అనుకుని ఉంటాడు. స్కోరరు బాబాయ్ ఎంతసేపటికీ రాయడు, నన్నే చూస్తున్నాడు. "రాయవయ్యా, చేతులు పీకుతున్నాయి!" అని అరిచాను.

బన్ను గంతులెయ్యలేదు. ముందు వాళ్ళ నాన్న వైపు చూశాడు. తర్వాత నా వైపు చూసి టోపీ అంచు ముట్టుకున్నాడు. తర్వాతి బంతికే బౌల్డయ్యాడు. పక్కనించి పోతూ, "చెల్లయింది సార్" అన్నాడు. అంతే.

రాత్రి క్లబ్బులో అందరికీ నీ టాస్ సంగతి చెప్పాను. మనిషి తేల్చుకోలేకపోతే నాణెం తేలుస్తుందిరా అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. చప్పట్లు కొట్టారు. ఫైనల్‌కి టాస్ ఆ నాణెంతోనే వెయ్యాలని, తర్వాత దాన్ని అద్దంలో బిగించి స్కోరు బోర్డు పక్కన తగిలించాలని తీర్మానం చేశాం. వెంటనే పంపు. గుర్తుపట్టగలవుగా? వేరే నాణెం అంటగట్టకు, నాకు తెలిసిపోతుంది.

మామయ్య

*

అదే మేడ మీది గది,
అదే బీరువా ముందు, నేల మీద

మామయ్యా,

"నువ్వు" అంటున్నాను. భయపడు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ వంకర సిక్సర్ దగ్గర ఆగి కాసేపు కంపెనీ మెట్ల మీద కూర్చున్నాను. కంట్లో ఏదో పడిందని అందరికీ చెప్పాను. ఫ్యాను దుమ్ము అని.

మొదటి ఉత్తరంలో టోకున పడేసిన క్షమాపణలు గుర్తున్నాయా? అవన్నీ ఉత్తుత్తివి. వాటిల్లో నేను చేసిన తప్పు ఒక్కటీ లేదు. నీ భుజం నేను తెంపలేదు, అత్తయ్యకి వినబడేలా కావాలనే అడిగాను, మళ్ళీ అడుగుతాను. చేసింది వేరే ఉంది. అద్దంలో బిగించకముందే చెప్పెయ్యాలి.

టాస్ వేసిన మాట నిజం. ఇస్త్రీ చొక్కా నిజం. పిల్లి నిజం. నాణెం ఫ్యానుకి తగల్లేదు, అదీ నిజం. కింద పడి, గోడకి కొట్టుకుని, దొర్లుకుంటూ పోయి ఈ ఇనప బీరువా కిందికి దూరింది. బీరువా ఇంటి ఓనరుది. ఆవిడ సంసారమంతా అందులోనే ఉంది, నలుగురు పడితే గానీ కదలదు. నేల మీద చెంప ఆనించి చూశాను, చీకటి. చీపురు పుల్లతో గెలికాను, ఇంకా లోపలికి పోయింది.

ఇంకో నాణెం వేద్దామని జేబులో చెయ్యి పెట్టాను కూడా. అప్పుడు నీ ఉత్తరం ఎదురుగా ఉంది, "మీరే ఉండాలి" అని ఆ కుర్రాడన్న వాక్యం పైకి వచ్చేలా మడిచి. ఇంకోసారి వేస్తే బొరుసు పడితే? జేబులోంచి చెయ్యి తీసేశాను. కుర్చీలో కూర్చున్నాను. కలం మూత తీశాను.

నువ్వు చూసినదాన్ని ఇవ్వలేకపోయావు. నేను చూడనిదాన్ని ఇచ్చాను. బొమ్మో బొరుసో నాకు ఈ రోజుకీ తెలీదు మామయ్యా. నాణెం ఇంకా ఆ కిందే ఉంది. వచ్చే నెల సున్నాలేయిస్తూ బీరువా జరిపిస్తానంటోంది ఓనరు.

ఆ రోజు నేను ఊళ్ళో ఉండను.

అల్లుడు